వారి మాత్ర, మన వాగు

1898లో స్పెయిన్‌ను ఓడించిన అమెరికా, 2 కోట్ల డాలర్లు చెల్లించి ఫిలిప్పీన్స్‌ను స్వాధీనపరచుకుంది. ఆ పాలనను ఎదిరించిన జోలో ద్వీప ముస్లింలను 1906 మార్చిలో బుద్ దాజో కొండపై వందలాదిగా సంహరించింది; మృతులలో స్త్రీలు, పిల్లలూ ఉన్నారు.

నేడు ఆ అగ్రరాజ్యానికి విపణి కూడా ఆయుధమే. పోతిరెడ్డిపల్లి నుండి పటాన్‌చెరు వరకు గల మన పారిశ్రామికవాడల మందులు అక్కడికి చేరాలంటే వారి ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదం తప్పనిసరి. తమ ప్రజలు మింగే మాత్రపై వారికి అంతటి జాగ్రత్త!

మరి మన నీటి మాటేమిటి? పటాన్‌చెరు వ్యర్థజల శుద్ధి కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అత్యధిక మోతాదులో ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు.

మేము విన్నవించేది ఒక్కటే: పరాయి పెత్తనాన్ని నిందించడం సులువు, మన వాగులకు కాపలా ఉండవలసింది మనమే. నీరు మనకు అప్పగించబడిన అమానతు.