పొగకు పొలిమేర లేదు

15 ఏండ్లు దాటిన బస్సులు, లారీలు, టాక్సీలు మొదలగు వాణిజ్య వాహనములు కోల్‌కతా మహానగర ప్రాంతమున తిరుగరాదని కలకత్తా హైకోర్టు 2008 జూలైలో శాసింపగా, ఆ శాసనము మరుసటి యేడు ఆగస్టు నుండి అమలునకు వచ్చినప్పుడు, పర్యావరణవాది సుభాష్ దత్తా న్యాయస్థానమున సలిపిన పోరాటము ఫలించెనని సంతసించినవారు పెక్కుమంది. అది సంతసింపదగిన విషయమే.

అయితే ఆ శాసనము మహానగరపు ఎల్లతో ముగిసినది. ఎల్ల దాటినంతనే అదే బస్సునకు, అదే యింజనునకు, అదే నల్లని పొగకు నిషేధము లేదు. నగరమునకు పనికిరాదని తేలిన బండిని జిల్లాలలో అమ్ముకొనుటకు త్రోవ తెరచియే యుండెను. నగరబాలుని ఊపిరితిత్తులకు హానికరమైనది పల్లెబిడ్డకు హితకరమగునా?

ఈ అన్యాయమే ఓడలకెక్కి ప్రపంచమంతట సాగుచున్నది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2020లో వెలువరించిన నివేదిక ననుసరించి, 2015 మొదలు 2018 వరకు ఐరోపా, జపాను, అమెరికాలనుండి 1 కోటి 40 లక్షల పాత కార్లు, వ్యానులు, మినీబస్సులు పరదేశములకు ఎగుమతి కాగా, వానిలో నూటికి 80 అల్పాదాయ, మధ్యాదాయ దేశములకే చేరినవి. నెదర్లాండ్సు రేవులనుండి ఆఫ్రికాకు పోవు బండ్లను పరీక్షింపగా, అధికభాగమునకు చెల్లుబాటగు ఫిట్‌నెస్ పత్రమే లేదు. కొన్నిటి పొగగొట్టములలో కేటలిటిక్ కన్వర్టరు సయితము లేదు. విషవాయువులను విరిచివేయు ఆ చిన్న డబ్బాలో ప్లాటినము, పలాడియము, రోడియము అను విలువైన లోహములుండుటచే, దానిని ముందే ఊడబెరికి అమ్ముకొందురు. లోహపు ధర ఒకరికి, విషధూమము మరియొకరికి.

మూడేండ్లు మించిన విదేశీ పాత కార్లను రానీయక మన దేశము ఈ విపత్తును రేవులోనే అడ్డుకొన్నది. పరదేశపు పొగను అంత జాగరూకతతో ఆపిన మనము, ఢిల్లీలో కాలము తీరిన కారు నిరభ్యంతర పత్రముతో అన్యరాష్ట్రములకు తరలుచుండగా ఉపేక్షించుట ఏ నీతి?

పాతబండి కొనుట దోషము కాదు. క్రొత్తది కొనలేని సంసారికి అదియే జీవనాధారము. కోల్‌కతాలోని మల్లిక్ బజారులో తలుపులు, గేరుబాక్సులు, హెడ్‌లైట్లు విడివిడిగా అమ్ముడై మరల బండ్లలో అమరుచుండుట లోహమును వృథాపరుపని విద్యయే. ఆ పనివారిని వెళ్లగొట్టుట గాక, వారికి శిక్షణ, రక్షణ యిచ్చి, వాడిన నూనెయు బ్యాటరీ ఆమ్లమును మురుగుకాలువలలో కలియకుండ సేకరించు ఏర్పాటు చేయవలయును.

2021 ఆగస్టులో జాతీయ స్క్రాపింగ్ విధానము వెలువడినది కాని, స్వచ్ఛందముగా బండి నప్పగించువానికి మార్కెట్టు ధరకు దీటైన ప్రతిఫలము దొరకనిచో, అది తుక్కుకేంద్రమునకు గాక దూరపు జిల్లాకే పోవును. కావున ఎల్ల దాటి చేతులు మారు ప్రతి వాహనమునకు పొగపరీక్షను తప్పనిసరి చేయవలయును. అందు నెగ్గనిదానిని తుక్కుచేసి, యజమానికి న్యాయమైన మూల్యము చెల్లింపవలయును. తన వీధిలో తిరుగరాదని నిషేధించిన బండిని పొరుగూరికి పంపు హక్కు ఏ నగరమునకును లేదు, ఏ దేశమునకును లేదు.