ఫోన్లలో పూచిన గులాబీ

ఎర్ర గులాబీలా విచ్చుకున్న ఒక మేఘపు చిత్రం ఏళ్ళ తరబడి మన ఇళ్ళలోని ఫోన్లలో తిరుగుతూనే ఉంది. సూరా అర్‌రహ్మాన్ 37వ ఆయతులో ప్రస్తావించబడిన గులాబీ ఇదేనని, నేటి విజ్ఞానం దానిని ఫోటో తీసి చూపిందని దాని కింద రాసి ఉంటుంది. పిల్లలు ఆ మాటనే బడిలో ధీమాగా చెబుతున్నారు కనుక ఈ నెల ఆ చిత్రాన్నే పరిశీలించదలిచాము.

దాని పేరు పిల్లికన్ను నీహారిక. డ్రాకో నక్షత్రరాశిలో, మనకు సుమారు 3,000 కాంతి సంవత్సరాల దూరాన ఉంది. (ఆ రాశిలోని థూబాన్ తార పేరు అరబ్బీ ‘సుఅబాన్’ నుంచి వచ్చింది. మూసా అలైహిస్సలాం చేతికర్ర మారిన సర్పానికి ఖుర్ఆన్ వాడిన పదమూ అదే.) 1786లో విలియం హెర్షెల్ దీనిని కనుగొన్నారు. ఇటువంటివి దూరదర్శినిలో గ్రహబింబాల్లా గుండ్రంగా కనిపించినందున గ్రహ నీహారికలన్న పేరు స్థిరపడింది. నిజానికి గ్రహాలతో వీటికి సంబంధం లేదు. సూర్యుని వంటి నక్షత్రం ఇంధనం తరిగిన దశలో ఉబ్బి, తన పైపొరలను అంతరిక్షంలోకి వదిలివేస్తుంది. మిగిలిన వేడి గర్భం వెదజల్లే అతినీలలోహిత కిరణాల వల్ల ఆ వాయువు వెలుగుతుంది. కొన్ని వేల ఏళ్ళకు అదీ చెదిరిపోతుంది.

అది వాయువేనని తెలిసింది 1864 ఆగస్టు 29 రాత్రి. విలియం హగ్గిన్స్ ఈ నీహారిక కాంతిని పట్టకం గుండా చూశారు. నక్షత్రకాంతిలా రంగుల పట్టీ రాలేదు. విడివిడిగా కొన్ని గీతలే కనిపించాయి. ప్రధానమైన ఆకుపచ్చ గీత తెలిసిన ఏ మూలకానికీ సరిపోకపోవడంతో ‘నెబ్యూలియం’ అనే కొత్త మూలకాన్ని ఊహించారు. 1927లో ఐరా బోవెన్ అది మనం పీల్చే ఆక్సిజనేనని, అత్యంత పలుచని స్థితిలో రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయి అలా వెలుగుతోందని తేల్చారు.

ఇక ఆ ఎరుపు సంగతి. ఆ చిత్రం 1994లో హబుల్ దూరదర్శిని తీసినది. హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ వెలువరించే మూడు కాంతులను అది నమోదు చేసింది. మూడూ ఎరుపు ఛాయలే. తేడా తెలియడానికి శాస్త్రవేత్తలే ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం, ఒకదానికి ఆకుపచ్చ కేటాయించారు. చిన్న దూరదర్శినితో చూసేవారికి కనిపించేది నీలి ఆకుపచ్చ మరక మాత్రమే.

ఆయతు మాట్లాడుతున్నది ఆకాశం బద్దలయ్యే ప్రళయదినాన్ని గురించి. అందలి పోలికను వ్యాఖ్యాతలు ఎర్రబారడంగా, నూనెగా, ఎర్రని తోలుగా వివరించారు. ఇప్పటికే వెలుగుతున్న ఒక నీహారికను దానికి అంటగట్టడం ఆయతును దాని సందర్భం నుంచి తప్పించడమే. రేపు మరో పరికరం అదే నీహారికను నీలంగా చూపితే, ఆ పిల్లవాడు సందేహించేది వాట్సాప్‌నా, ఆయతునా? మా ఆందోళన అది.

అబ్దుర్రహ్మాన్ అస్‌సూఫీ 964 ప్రాంతంలో స్థిర నక్షత్రాల గ్రంథం రచించినప్పుడు టాలెమీ పట్టికను ఉన్నదున్నట్టు ఎత్తి రాయలేదు. తారల ప్రకాశాన్ని తానే చూసి సరిదిద్దారు. ఆండ్రోమెడా వద్ద ఒక చిన్న మేఘాన్ని కూడా నమోదు చేశారు. అది మరో గెలాక్సీ అని తేలడానికి ఇంచుమించు 960 ఏళ్ళు పట్టింది. నవంబరు నెలలో, దీపాలు లేని చోట, ఇషా నమాజు తర్వాత నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఆ మేఘం వట్టి కంటికే కనిపిస్తుంది.