కమిషనర్ గారూ, అద్దెకుండేవాళ్ల మాటేమిటి?

అమలాపురం పురపాలక కమిషనర్ గారికి,

సొంతిల్లు కట్టుకునేవాళ్లకు పథకాలున్నాయి. కొబ్బరి దింపు కూలీ రెండు నెలల అద్దె బాకీ పడితే ఏ ఆఫీసు గడప తొక్కాలి?

ఆ పథకాల్లోనూ అద్దె బాధ తప్పలేదు. ప్రభుత్వం కట్టించిన బోడసకుర్రు టిడ్కో ఇళ్ల సంగతే చూడండి. 365 చదరపు అడుగుల ఇంటికి బ్యాంకు అప్పు లబ్ధిదారు పేరు మీదే. రాష్ట్రంలో చాలాచోట్ల తాళం చేతికి రాకముందే వాయిదాల నోటీసులొచ్చాయి. అటు వాయిదా, ఇటు అద్దె! నెలజీతగాళ్లే తట్టుకోలేరు.

ఇంగ్లండులో 2017 నాటి చట్టం ప్రకారం, 56 రోజుల్లోపు నిలువనీడ పోయేలా ఉన్నవాళ్లకు స్థానిక కౌన్సిల్ సాయపడాల్సిందే. మనది అంత డబ్బున్న మునిసిపాలిటీ కాదని తెలుసు. కానీ వార్డు సచివాలయంలో అర్జీ తీసుకుని, ఇంటి యజమానితో గడువు మాట్లాడిపెట్టడానికి పెద్ద ఖర్చేముంది?

ఇక అసలు గూడే లేనివాళ్లు. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల్లో లక్ష జనాభాకు కనీసం వందమందికి ఆశ్రయం ఉండాలన్నారు. 2011 లెక్కల్లోనే మన పట్టణ జనాభా 53 వేలు దాటింది. ఆ లెక్కన యాభై మందికైనా చోటుండాలి. లక్ష లేరుగా అనకండి. ఎందరికి చోటుందో, అది ఎక్కడుందో బస్టాండులో బోర్డు పెట్టించండి. వానాకాలం గోదావరి పొంగకముందే.

ఇట్లు,
పట్టణంలో అద్దెకుండే ఒక పౌరుడు