కాలేజీల్లో ఫుట్‌బాల్‌ను ఆపొద్దు, పద్ధతిగా ఆడించండి

మడకశిర, గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం మండలాల తల్లిదండ్రులకు, అధ్యాపకులకు, విద్యార్థులకు,

ఇంటర్లో చేరాక బంతి జోలికి పోవద్దని పిల్లలకు చెప్పడం మన ఇళ్లలో మామూలైపోయింది. దెబ్బలు తగులుతాయని ఒక భయం, మార్కులు పోతాయని మరో భయం. మొదటిది నిజంగా ఆలోచించాల్సిన భయం. అందుకే ముందు దాని సంగతి మాట్లాడదాం.

కాలేజీల్లో ఫుట్‌బాల్‌ను నిషేధించాలా అని అమెరికాలో నూరేళ్లకు పైగా వాదించుకుంటున్నారు. వాళ్ల ఫుట్‌బాల్ వేరు. బంతిని చేతపట్టుకుని పరిగెత్తేవాణ్ణి ఒళ్లంతా వేసి పడగొట్టే ఆట అది. 1905 సీజన్‌లో 18 మంది ఆటగాళ్లు చనిపోయారని అప్పటి పత్రిక ఒకటి లెక్క తేల్చింది. కొలంబియా విశ్వవిద్యాలయం ఆటను ఎత్తేసింది. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వాళ్లను వైట్‌హౌస్‌కు పిలిపించి మాట్లాడారు. 1906లో నిబంధనలు మారాయి. అయినా 1939లో షికాగో విశ్వవిద్యాలయం తన జట్టును రద్దు చేసింది. 2017లో బోస్టన్ పరిశోధకులు, కాలేజీ స్థాయి దాకా ఆడి చనిపోయిన 53 మంది మెదళ్లను పరీక్షిస్తే 48 మందిలో పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే జబ్బు కనిపించింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదళ్లను ఇచ్చి ఉంటాయి కాబట్టి ఆటగాళ్లందరికీ ఆ లెక్క వర్తించదు. కానీ తోసిపుచ్చదగ్గ విషయం కూడా కాదు. అక్కడ నిషేధం అడిగేవాళ్లను మేము తప్పుపట్టం.

మనం ఆడేది కాలి బంతి. ఇందులోనూ తలలు ఢీకొంటాయి, బంతిని తలతో కొట్టే హెడింగ్ ఉంది. కానీ ఢీకొట్టడం ఈ ఆట లక్ష్యం కాదు, కాబట్టి తగ్గించుకోగలం. అమెరికాలో 2015లో ఈ ఆట సంఘమే పదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు హెడింగ్ వద్దంది. ఇంగ్లండులో 2020లో ప్రాథమిక పాఠశాల పిల్లలకు శిక్షణలో హెడింగ్ ఆపించారు. ఆటను మాత్రం ఎక్కడా ఆపలేదు.

మన వాళ్ల సంగతీ చెప్పుకోవాలి. హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ పోటీల్లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను ఫైనల్లో ఫార్వర్డ్‌గా దింపారు. ఆయన గోల్ కొట్టారు, దక్షిణ కొరియాపై 2-1తో గెలిచాం. ఆ తెగువకు చేతులెత్తి దండం పెడతాం. కానీ ఈరోజు మన కాలేజీ మైదానంలో ఏ ఫిజికల్ డైరెక్టరూ (పీడీ) ఆ పని చేయకూడదు. తలకు దెబ్బ తగిలినవాడు ఆరోజుకు మళ్లీ మైదానంలోకి దిగకూడదు, తాను బాగానే ఉన్నానని వాడు ఎంత చెప్పినా సరే.

మన దగ్గర అసలు ప్రమాదం నేలతో. వానలు తక్కువ, పచ్చిక నిలవదు. రాళ్లు తేలిన గట్టి ఎర్రనేల మీద బూట్లు లేకుండా ఆడతారు. పడితే మోకాలు చీరుకుపోతుంది, తల నేలకు కొట్టుకుంటుంది. పాతిపెట్టని గోల్‌పోస్టు మీద పిల్లలు వేలాడితే అది వాళ్ల మీదే పడుతుంది. రాళ్లు ఏరడానికి, మట్టి వదులు చేసి నీళ్లు చల్లడానికి, పోస్టులు కాంక్రీటులో పాతడానికి పెద్ద నిధులు అక్కర్లేదు.

ఇక మార్కులు. అనంతపురం, విజయవాడ, హైదరాబాదుల్లో మూడంతస్తుల భవనాల్లో నడిచే కొన్ని రెసిడెన్షియల్ కాలేజీల్లో ఆట ఎప్పుడో ఆగిపోయింది. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్సే. అక్కడి పిల్లలంతా సుఖంగా ఉన్నారని గుండె మీద చెయ్యేసుకుని ఎవరైనా చెప్పగలరా? విశాఖపట్నంలో చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆటలకు, కళలకు ప్రాధాన్యం ఇవ్వాలన్నది వాటిలో ఒకటి. మన పక్కనే ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ అనంతపురంలో నడిపే క్రీడా కేంద్రంలో పల్లె పిల్లలు, ఆడపిల్లలు కూడా, చదువుతోపాటు ఫుట్‌బాల్, హాకీ, టెన్నిస్ ఆడుతున్నారు. అక్కడ సాధ్యమైంది మడకశిరలో ఎందుకు కాదు?

కాబట్టి కాలేజీల యాజమాన్యాలను, ప్రిన్సిపాళ్లను మేము అడిగేది ఇదీ. వారానికి కనీసం మూడు సాయంత్రాలు మైదానం తెరవండి, అందులో ఒకటి పూర్తిగా అమ్మాయిలకు ఇవ్వండి. పీడీ లేని కాలేజీకి పీడీని వేయించండి, ఉన్నచోట ఆయనకు పరీక్షల డ్యూటీలు తగ్గించి మైదానానికి పంపండి. ప్రతి ఆటకూ ఫస్ట్ ఎయిడ్ పెట్టె, తాగునీరు ఉండాలి. తలకు దెబ్బ తగిలితే 108కు ఫోన్ చేయాల్సింది ఎవరో ఆట మొదలుకాకముందే తేల్చుకోవాలి. మార్చి నుంచి మే దాకా ఎండ దిగాకే ఆడించండి. పబ్లిక్ పరీక్షల నెలలో పోటీలు పెట్టొద్దు. సొంత మైదానం లేని ప్రైవేటు కాలేజీ పిల్లలకు ప్రభుత్వ కాలేజీ మైదానంలో వేళ కేటాయించండి.

తల్లిదండ్రులారా, ఈ కోరికలతో అర్జీ రాసి, సంతకాలు చేసి మీ పిల్లల ప్రిన్సిపాల్‌కు ఇవ్వండి. ఒక నకలు మున్సిపల్ కమిషనర్‌కు, ఇంకోటి ఎమ్మెల్యే గారికి చేరాలి. ఆదివారం పొద్దున తీరిక ఉంటే ఒక పారతో మైదానానికి రండి, రాళ్లు ఏరడం ఆరోజే మొదలుపెట్టవచ్చు.

మడకశిర పూర్వ విద్యార్థులు, క్రీడాభిమానులు