పరిపూర్ణం కాని ఇంట్లో ప్రభువు



మన సంఘాల్లో "ఆదర్శ క్రైస్తవ కుటుంబం" అనే మాట తరచుగా వింటాం. భార్యాభర్తల మధ్య మాటపట్టింపు లేని ఇల్లు, పిల్లలు చెప్పినట్టు వినే ఇల్లు, రాత్రి ఎనిమిది కాగానే అందరూ చాప మీద కూర్చుని పాట పాడుకునే ఇల్లు. అలాంటి ఇల్లు ఉంటే దేవునికి స్తోత్రం. కానీ ఆ మాటే కొందరిని మందిరానికి దూరం చేస్తోందని నా అభిప్రాయం. శనివారం రాత్రి ఇంట్లో గొడవ జరిగితే, ఆదివారం ఏ ముఖం పెట్టుకుని బల్ల దగ్గరికి రావాలని ఆగిపోయే తల్లులు ఉన్నారు. "మీ అబ్బాయి రావట్లేదేం?" అని ఎవరైనా అడుగుతారేమోనని, ఆశీర్వాదం అయ్యీ అవ్వకముందే వెనక నుంచి వెళ్ళిపోయే తండ్రులు ఉన్నారు. సాక్ష్యాల సమయంలో అప్పు తీరిందని, ఉద్యోగం వచ్చిందని చాలామంది లేస్తారు. "మా ఇంట్లో మూడు నెలలుగా తండ్రీకొడుకులకు మాటల్లేవు, ప్రార్థన చేయండి" అని లేచేవాళ్ళు ఎందరు?

వాక్యం మాత్రం ఇంటి విషయాలు దాచలేదు. ఇస్సాకు ఏశావును ప్రేమించాడు, రిబ్కా యాకోబును ప్రేమించింది అని ఆదికాండము 25వ అధ్యాయం సూటిగానే చెబుతుంది. ఆ పక్షపాతం వల్ల అన్నదమ్ములు ఇరవై ఏళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అదే తప్పు యాకోబు యోసేపు విషయంలో మళ్ళీ చేశాడు. దేవుడు ఆ ఇంటిని వదిలిపెట్టలేదు.

అంతకంటే నన్ను ఎక్కువగా ఆదరించేది నజరేతు ఇల్లు. లూకా 2వ అధ్యాయం చదవండి. యేసుకు పన్నెండేళ్ళు. పస్కా పండుగ ముగిసి తిరిగి వస్తున్నారు. అబ్బాయి గుంపులోనే ఎక్కడో ఉన్నాడనుకుని యోసేపు, మరియ ఒక రోజు ప్రయాణం నడిచారు. అమ్మ వాళ్ళతో ఉన్నాడని నాన్న, నాన్న వాళ్ళతో ఉన్నాడని అమ్మ అనుకున్నారో ఏమో! తిరుణాళ్ళలో పిల్లవాడు కనబడక పరుగెత్తిన ఏ తల్లికైనా మరియ గుండె తెలుస్తుంది. మూడు రోజుల తరువాత దేవాలయంలో దొరికినప్పుడు ఆమె మొదట అన్నది మందలింపే. ఆయన ఇచ్చిన జవాబు వాళ్ళకు అర్థం కాలేదని 50వ వచనం చెబుతుంది. గమనించండి, పాపం లేని కుమారుడు పెరిగిన ఇంట్లోనే ఒకరి మాట ఒకరికి అర్థం కాని రోజు ఉంది. ఆ తరువాతి వచనంలో ఆయన వాళ్ళతో నజరేతుకు వెళ్ళి వాళ్ళకు లోబడి ఉన్నాడు. తనను అర్థం చేసుకోలేకపోయిన ఇంటికే తిరిగి వెళ్ళాడు.

అక్కడితో ఆగలేదు. ఆయనకు మతి తప్పిందని ఇంటివారే పట్టుకుపోవడానికి వచ్చారు (మార్కు 3:21). సహోదరులు ఆయనను నమ్మలేదు (యోహాను 7:5). కానీ అపొస్తలుల కార్యములు 1:14కు వచ్చేసరికి ఆ సహోదరులే మేడగదిలో ప్రార్థిస్తున్నారు. ఇంట్లో ఇంకా నమ్మని భర్త, నమ్మని కొడుకు ఉన్నవాళ్ళు ఈ రెండు వచనాల మధ్య ఉన్న దూరాన్ని గుర్తుపెట్టుకోండి. మనం ఇంకా ఆ దూరంలోనే నడుస్తున్నాం.

కాబట్టి మిరప కోతలకు వెళ్ళి అలసిపోయి వచ్చిన అమ్మ ప్రార్థనలో కునికితే, పొయ్యి మీద పాలు పొంగి మధ్యలో లేస్తే, చిన్నవాడు వాక్యం చదువుతూ తడబడితే, అది చెడిపోయిన కుటుంబ ప్రార్థన అనుకోకండి. ప్రభువు మన ఇంటికి వచ్చేది ఇలాంటి సాయంత్రాల్లోనే. మంటి కుండలో ధనం ఉందని పౌలు రాసింది పగుళ్ళు తెలిసిన మనుషులకే.

ఒక్క మనవి. "ప్రభువా, ఈ పిల్లవాడికి బుద్ధి చెప్పు" అని కొడుకు పక్కన ఉండగానే గట్టిగా ప్రార్థించే తండ్రులారా, అది ప్రార్థన కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని తిట్టడం. పిల్లల మనసు కుంగదీయవద్దని కొలొస్సయులకు 3:21లో తండ్రులకే ఆజ్ఞ ఉంది.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పాలి. లోపం వేరు, దౌర్జన్యం వేరు. కూర మాడడం, మాట తూలడం, అలగడం సహించుకోవలసినవి, క్షమించుకోవలసినవి. తాగి వచ్చి భార్యను కొట్టడం ఆ లెక్కలోకి రాదు. అలాంటి చెల్లెలికి "సహించమ్మా, అది నీ సిలువ" అని చెప్పడం వాక్యాన్ని వంకరగా వాడడమే. ఒకరినొకరు సహించమన్న అదే అధ్యాయంలో, భార్యను కఠినంగా చూడవద్దని భర్తకు ఆజ్ఞ ఉంది (3:19). ఆమె మొదట క్షేమంగా ఉండాలి. సంఘ పెద్దలకు చెప్పండి, 181 నంబరుకు ఫోన్ చేయండి. 2005లో వచ్చిన గృహ హింస చట్టం ఆమెకు రక్షణ ఇస్తుంది. ఆ సహాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు.

మిగిలిన మనందరం ఈ వారం ఒక పని చేద్దాం. ఇంట్లో మాట ఆగిపోయిన చోట, పెద్దవాళ్ళే ముందుగా ఒక మాట కలుపుదాం. "అన్నం తిన్నావా?" అన్న మాట చాలు. ఇంట్లో సమాధానం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది.

ప్రభువా, మా ఇల్లు చక్కబడ్డాక పిలుద్దామని ఆగకుండా, ఉన్నదున్నట్టుగా నిన్ను లోపలికి పిలిచే ధైర్యం మాకు ఇవ్వండి. ఆమేన్.