చిక్కుముడిని చిన్నచూపు చూడకండి

గత సంచికలో పాత కంప్యూటర్ సాహస క్రీడల మీద వ్యాసం వేసినందుకు మాకు చీవాట్లు పడ్డాయి. సాహిత్య పత్రికలో పిల్లల ఆటలేమిటని హుజూరాబాద్‌లో జరిగిన ఒక సభలో వేదిక మీదినుంచే నిలదీశారు. నిలదీసినవారు ఆ ఆటల్లో ఒక్కటీ ఆడలేదని వారి మాటల్లోనే తేలిపోయింది. చదవని పుస్తకం మీద తీర్పు చెప్పేవాణ్ని మనం ఒప్పుకోం. ఆడని ఆట మీద తీర్పును ఎందుకు ఒప్పుకోవాలి?

1990లో వచ్చిన 'ద సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'నే తీసుకోండి. అందులో కత్తియుద్ధం గెలవడానికి చేతివేగం పనికిరాదు. ఎదుటివాడి తిట్టుకు తగిన ఎదురుమాట కావాలి. దారిలో తగిలిన ఓడదొంగల చేతిలో ఓడుతూ ఓడుతూ తిట్లనూ జవాబులనూ పోగుచేసుకుంటాం. తీరా ఆ ఆటలో కత్తిసాముకు మేటి అయిన మహిళ ముందు నిలబడితే, ఆమె తిట్లన్నీ కొత్తవి. మన దగ్గరున్నవి పాత జవాబులే. వాటిలో ఏది ఈ కొత్త తిట్టుకు అతుకుతుందో అక్కడికక్కడే పట్టుకోవాలి. అవధానంలో సమస్యను పూరించేవారికి ఎదురయ్యే పరీక్ష ఇలాంటిదే. పాదం పృచ్ఛకుడిది, దాన్ని పొసగించే అర్థం అవధానిది. అక్కడ చప్పట్లు కొట్టిన చేతులే ఇక్కడ వేలెత్తి చూపడం అన్యాయం.

1993 నాటి 'మిస్ట్' ఆట పెట్టెలో ఖాళీ నోటుపుస్తకం కూడా పెట్టి అమ్మారు. చూసింది రాసుకోనివాడు ఆ ఆటలోని దీవి దాటలేడు. ఇంత శ్రద్ధగా చదివే పాఠకుల కోసమే కదా మనమంతా మొత్తుకుంటున్నది!

1999 నాటి 'గాబ్రియెల్ నైట్ 3'లో పిల్లి వెంట్రుకలతో దొంగమీసం చేయించారని విమర్శకులు ఎత్తిచూపుతారు. అది పొంతన లేని చిక్కే. అయినా చెడ్డ పద్యం ఉందని ఛందస్సును తప్పుపట్టం. అలాగని చిక్కును తేలిక చేయడమూ మందు కాదు. 2022లో వచ్చిన 'రిటర్న్ టు మంకీ ఐలండ్'లో ఆటలోనే సూచనల పుస్తకం పెట్టారు. అడిగితేనే చెబుతుంది, నిజమే. కానీ జవాబు చేతికందేంత దగ్గర్లో ఉంటే రాత్రంతా ఆలోచించేదెవరు? కష్టాన్ని తీసేస్తే ఆ ఆటలో మిగిలేది బొమ్మలే.

మన పక్కనే ఉన్న వంగర బిడ్డ పీవీ నరసింహారావు 'వేయిపడగలు'ను హిందీలోకి తెచ్చారు. పెద్ద వయసులో కంప్యూటర్ నేర్చుకుని ప్రోగ్రాములూ రాశారు. ఆయనకు ఈ రెంటికీ మధ్య గోడ కనిపించలేదు. మన సాహితీపరులే కట్టుకుంటున్నారు.

వచ్చే సంచికలోనూ ఈ ఆటల మీద వ్యాసం ఉంటుంది. అభ్యంతరం ఉన్నవారు ముందు 'మంకీ ఐలండ్'ను సూచనలు చూడకుండా చివరిదాకా ఆడి, ఆ తరువాత రాయండి. ఎంత ఘాటుగా రాసినా అచ్చువేస్తాం.