చీకటిగదియు పాత ఎన్లార్జరును



ఉషాకన్య కలలో గాంచిన పురుషుడెవ్వడో తెలియక తల్లడిల్లినపుడు, చెలికత్తెయగు చిత్రరేఖ రాజకుమారుల రూపములను పటముపై వ్రాసి చూపినది. మనుష్యరూపమును పటమునందు నిలుపు విద్య స్త్రీలకు క్రొత్తది కాదనుటకు ఆ కథ యొక్కటి చాలును. అయినను ఛాయాచిత్రకళ మన దేశమునకు వచ్చిన పిమ్మట చాలకాలము స్త్రీలు కెమెరా యెదుట కూర్చుండువారే గాని దాని వెనుక నిలుచువారు అరుదు.

ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖాన్ కొలువున ఛాయాచిత్రకారుడైన రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదున స్త్రీలకై ప్రత్యేకముగా ఒక జనానా స్టూడియోను నెలకొల్పెను. ఘోషాలోనుండు స్త్రీలు నిస్సంకోచముగా వచ్చి ఫొటోలు తీయించుకొనుటకై దాని నిర్వహణమును కెన్నీ లెవిక్ అను ఆంగ్లస్త్రీకి అప్పగించెను. పిమ్మట నవ్సారిలో 1913లో జన్మించిన హొమాయ్ వ్యారావాలా మన దేశమున పత్రికలకు ఫొటోలు తీసిన మొదటి మహిళయని ప్రసిద్ధి గాంచినది. అట్టి ఆమె తొలినాటి ఫొటోలు భర్తగారి పేరుననే అచ్చయినవి. ఆమెకు పద్మవిభూషణ బిరుదము లభించినది 2011లో.

ఈ నెల కోదాడనుండి ఒక సోదరి యిట్లు వ్రాసినది. మిర్యాలగూడలో మూతపడుచున్న ఒక స్టూడియోవారు తమ పాత ఎన్లార్జరును అమ్మజూపుచున్నారట. ఈమె తల్లిగారు పోయి పదునాలుగేండ్లయినది. ఆమె ముఖము తేటగా నున్న ఫొటో యింట ఒక్కటియు లేదు; ట్రంకుపెట్టెలో ఆఱు సెంటీమీటర్ల చదరపు నెగెటివు ఒక్కటి మాత్రము మిగిలినది. దానిని తన చేతితోనే పెద్దదిగా చేసికొనవలెనని ఆమె కోరిక. “పాతసామానుకు డబ్బు తగలవేయుట యెందుకు?” అని యింటివారి మాట. కొనవచ్చునా, కూడదా యని ప్రశ్న.

అమ్మా, నీ కోరికలో రెండు కోరికలున్నవి. వానిని మొదట వేఱుచేయవలెను. తల్లిగారి ముఖము చూడవలెననునది యొకటి. ఈ విద్యను నేర్వవలెననునది రెండవది. మొదటిదానికి ఎన్లార్జరు అక్కఱలేదు. నెగెటివును నమ్మకమైన చోట స్కాను చేయించి, ఒక ప్రతిని నీవద్దను, మఱియొక ప్రతిని తోబుట్టువులవద్దను ఉంచుము. ఈ వారముననే యా పని చేయుము. ఉన్న ఒక్క నెగెటివుమీద చేతి అభ్యాసము చేయరాదు; ఒక్క గీత పడిన నది మాసిపోదు. రెండవ కోరిక నిజమైనదే యయినచో మిగిలిన మాటలు వినుము.

ఎన్లార్జరనగా నేమి? పీటవంటి ఒక పలక, దానిపై నిలువు స్తంభము, ఆ స్తంభముపై పైకిని క్రిందికిని జరుగు దీపపుగూడు. దీపము క్రింద కాంతిని కూర్చు కండెన్సరు కటకములు, వాని క్రింద నెగెటివును పట్టు చట్రము, దాని క్రింద ముడుతల తోలుతిత్తి, అడుగున లెన్సు. నెగెటివుగుండ వచ్చిన కాంతి పలకమీది కాగితముపై పెద్దబొమ్మయై పడును. కాగితమును డెవలపరులో ముంచగా బొమ్మ తేలును; హైపోలో ముంచగా నిలుచును. వెండి లవణములను కరగించు గుణము హైపోకు గలదని హెర్షెల్ పండితుడు 1819లోనే కనుగొనెను.

బేరమునకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న: ఇది ఎంత నెగెటివును పట్టును? 35 మిల్లీమీటర్ల ఫిల్మునకు 50 మిల్లీమీటర్ల లెన్సు చాలును. నీవద్దనున్న చదరపు నెగెటివునకు 75 గాని 80 గాని మిల్లీమీటర్ల లెన్సును, దానికి సరిపడు చట్రమును, కండెన్సరును కావలెను. ఇటలీదేశపు డర్స్ట్ కంపెనీవారి యం 305 చిన్న ఫిల్మునకు మాత్రమే; యం 605 చదరపు నెగెటివును పట్టును. చెకొస్లొవేకియాలో తయారైన మియోప్టా ఓపెమస్ కూడ చదరపు నెగెటివును పట్టును. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 కెమెరాలు ఒకప్పుడు మన యిండ్లలో విరివిగా నుండెను గనుక, పెట్టెలలో చదరపు నెగెటివులే యెక్కువ దొరకును. చిన్న యంత్రము ఎంత చౌకయైనను వానికి పనికిరాదు.

తరువాత నీవొక పనికిరాని నెగెటివును, తెల్లకాగితమును, టార్చిలైటును వెంట గొనిపొమ్ము. లెన్సును విప్పించి, టార్చి వెలుగును దానిగుండ పంపి చూడుము. సాలెగూటి దారములవంటివి కనబడినచో అది బూజు. వానకాలపు తేమలో మూతవేసి యుంచినదని యర్థము. అట్టి లెన్సు బొమ్మను మసకపఱచును. యంత్రపు తలను స్తంభము పైకొనకు జరిపి వ్రేలితో తట్టుము. కాగితముమీది బొమ్మ ఊగి యూగి నిలిచినచో ఆ స్తంభము వదులైనది. నెగెటివును పెట్టి నడుమ తేటపఱచి, నాలుగు మూలలను చూడుము. ఒక ప్రక్క తేటగాను ఒక ప్రక్క మసకగాను ఉన్నచో తల వంకరయైనది. కొన్ని యంత్రములలో దానిని సరిచేయవచ్చును, కొన్నిటిలో వీలుపడదు. గది చీకటిచేసి టార్చిని తిత్తిలోపల వెలిగించిన, చిల్లులు చుక్కలవలె కనబడును. చిల్లులు చిన్నవైన నల్లటేపుతో మూయవచ్చును.

విద్యుత్తు సంగతి మఱవకుము. పాత వైర్ల తొడుగు పగిలియుండును; ఎలక్ట్రీషియనుచే క్రొత్త వైరు వేయించి, ఎర్తు కల్పించిన పిదపనే ప్లగ్గు పెట్టవలెను. వీనిలో చాలవానికి మరబల్బు కావలెను. మన యిండ్ల పిన్నుబల్బు పట్టదు. అదియు పాలరంగు గాజుదై యుండవలెను.

ధర విషయమున ఒక సూత్రము: లెన్సు, చట్రము, కాగితము పట్టు ఈజిలు, ట్రేలు అన్నియు కలిపి యెంతయని యడుగుము. లెన్సుగాని చట్రముగాని లేనియెడల, చౌకగా తెచ్చిన యంత్రము మూలనపడియుండును. పాత కాగితపు పెట్టెలకు వెల యీయకుము. వెలుగు సోకనీయక ఒక ముక్కను డెవలపరులో ముంచిన అది బూడిదరంగైనచో ఆ కాగితము చెడినదే. 1960లో స్థాపించిన ఉదకమండలపు హిందూస్థాన్ ఫొటో ఫిల్ము కర్మాగారము మూతపడినది. కాగితము ఇంగ్లండునుండి ఇల్ఫర్డువారిది, చెక్ దేశమునుండి ఫోమావారిది తెప్పించుకొనవలెను. ఈ ఖర్చు మాటిమాటికి వచ్చునది గనుక లెక్కలో చేర్చుకొనుము.

చీకటిగదికి స్నానాలగది చాలును. కిటికీకి నల్లగుడ్డ కట్టి లోపల ఐదు నిమిషములు కూర్చుండుము. నీ చేయి నీకు కనబడినచో ఇంకను వెలుగు చొరబడుచున్నది. ఎఱ్ఱదీపమును కూడ పరీక్షింపవలెను. కాగితముముక్కపై నాణెమునుంచి ఆ వెలుగున ఐదు నిమిషములు విడిచి డెవలపు చేయుము. నాణెపు గుఱుతు పడినచో దీపము పనికిరాదు.

మా సూర్యాపేట యెండలు నీకును తెలిసినవే. డెవలపరు 20 డిగ్రీలుండవలెననగా మన నీరు వేసవిలో అంతకు మించి కాగియుండును. రాత్రివేళ పని పెట్టుకొని, ట్రేను పెద్దపళ్లెపు నీటిలో నుంచి, ఆ నీటిలో మంచుగడ్డలు వేయుము. బోరునీటి లవణము ఎండిన కాగితముపై మచ్చలు పెట్టును; కావున చివరి కడుగుడు వడబోసిన నీటితో చేయుట మేలు. ప్లాస్టిక్కు పూతగల కాగితము కొన్ని నిమిషములలో శుభ్రపడును. వట్టి కాగితమునకు గంటసేపు నీరు కావలెను. నీటికి కటకటయైన మనకు మొదటిదే తగినది.

వంటపాత్రలను ఈ మందులకు వాడరాదు. వాడినవానిని మరల వంటింటికి తేరాదు. సీసాలపై తెలుగున పేరు వ్రాసి పిల్లలకందని యెత్తున నుంచుము. చేతితో గాక పటకారుతో కాగితమును పట్టుము. గాలి యాడునట్లు చూచుకొనుము. వాడిన హైపోలో వెండి యుండును. దానిని కాలువలోగాని నూతి దాపునగాని పోయరాదు. సీసాలో కూడబెట్టి వెండి తీయువారికిచ్చుట మంచిది.

ఇక యింటివారి మాట. అది తీసివేయదగినది కాదు, ఇంటిసొమ్ము అందఱిదియును. కావున వెంటనే కొనవద్దు. ముందు ఎన్లార్జరు లేకయే నేర్చుకొనుము. కాగితముపై నెగెటివునుంచి, పైన గాజుపలక మోపి, క్షణకాలము బల్బు వెలిగించి డెవలపు చేసిన, నెగెటివంత బొమ్మ వచ్చును. ఇట్లు పది బొమ్మలు చేయుము. పదియవ బొమ్మ పిమ్మటను నీ మనసు విసుగక, ఆ చిన్నబొమ్మ చాలదనిపించినచో, నీకు యంత్రము కావలసినదే. అప్పుడు ఆ పది బొమ్మలను యింటివారి ముందుంచి యడుగుము. వాదముకంటె అవి బలముగా మాటలాడును. ఇరుగుపొరుగున ఇద్దఱు ముగ్గురు కలిసి కొన్నను మంచిదే.

ఈలోపల మిర్యాలగూడ యంత్రము వేఱొకరికి పోయినచో చింతింపకుము. స్టూడియోలు మూతపడుచున్న కాలమిది. ఇట్టివి మఱికొన్ని బయటికి వచ్చును. మొదటి పెద్దబొమ్మ చేసిననాడు, దాని వెనుక పెన్సిలుతో తల్లిగారి పేరును, తేదీని, చేసినదానవు గనుక నీ పేరును వ్రాయుము.